సీతాఫలం గింజల పొడికి పేన్లు ఎందుకు చస్తాయి?

అడిగింది మంచి ప్రశ్నే. మా పాలమూరు వైపు, ముఖ్యంగా బాలానగర్ చుట్టుపక్కల, దసరా రోజుల్లో గంపలకొద్దీ సీతాఫలాలు దిగుతాయి. తిన్నాక గింజలు పారేయకుండా ఎండబెట్టి దంచి, నూనెలో కలిపి తలకు పట్టించడం పాత అలవాటు.

ఆ గింజల్లో అసలు పని చేసేవి అసిటోజెనిన్లు. స్క్వామోసిన్ వాటిలో ఒకటి. ఇవి 35 లేదా 37 కార్బన్లున్న పొడవాటి గొలుసులు, ఒక కొసన లాక్టోన్ అనే వలయం ఉంటుంది. దాదాపు ప్రతి కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఉంటుంది కదా, అందులోని మొదటి మెట్టును, అంటే కాంప్లెక్స్ 1ను, ఇవి పట్టి ఆపేస్తాయి. శక్తి అందక పేను చస్తుంది. ఇవి కొవ్వులో కరిగే రకం కాబట్టి నీళ్లకంటే నూనెలోకే బాగా దిగుతాయి. నూనెలో కలపమన్న ముసలోళ్లకు కెమిస్ట్రీ రాకపోయినా లెక్క తప్పలేదు.

అయితే మన కణాల్లోనూ ఉన్నది అదే మైటోకాండ్రియా. పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని భరించలేని మంట, నీళ్లు కారడం, చూపు మసకబారడం ఉంటాయి. స్నానంలో తల మీది నుంచి కారిన నీళ్లు కంట్లోకి పోయినా అంతే. వెంటనే ధారగా నీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. పిల్లల తలకైతే నేను వద్దనే అంటాను, పేన్ల దువ్వెన చాలు.

పండు తింటూ గింజ మింగేశారా? పెంకు గట్టిది, నమలకపోతే అట్లాగే బయటికి పోతుంది.