గొప్ప హాకీ ఆటగాడు మంచి జనరల్ మేనేజర్ కాగలడా?

"ఐస్ హాకీలో పేరు మోసిన ఆటగాళ్లు రిటైరయ్యాక జట్టును నడిపే పనిలోనూ, అంటే ఆటగాళ్లను ఎంచి జట్టును కూర్చే జనరల్ మేనేజర్‌గానూ రాణిస్తారా?" అని అడిగారు. ఇరవై ఏళ్లుగా డెట్రాయిట్ దగ్గర ఉంటున్నాను కాబట్టి నేను దగ్గరగా గమనించిన ఒక్కరి గురించే చెబుతాను: ఇక్కడి రెడ్ వింగ్స్ జట్టు పాత కెప్టెన్ స్టీవ్ ఐజర్‌మన్.

2005లో కార్ల డిజైన్ ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాను. అంతకుముందు సీజన్ జీతాల తగాదాతో మొత్తం రద్దయింది, ఊరంతా ఆట కోసం మొహం వాచి ఉంది. ఆఫీసులో ఒకాయన నన్ను రెడ్ వింగ్స్ అప్పట్లో ఆడే జో లూయిస్ అరీనాకు తీసుకువెళ్లాడు. బయట నిటారుగా మెట్లు, లోపల స్వెటరు మీద కోటు వేసుకున్నా వణుకు. పక్ (మంచు మీద బంతి బదులు కొట్టే నల్లటి బిళ్ల) ఎక్కడుందో చాలాసేపు నాకు కనిపించనే లేదు. చుట్టుగోడకు ఠప్పున తగిలిన చప్పుడు విని అటు తిరిగేలోగా అది ఇంకో మూలలో ఉండేది. "పక్‌ను వదిలెయ్, 19వ నంబరును చూడు" అన్నాడాయన. చూశాను. ఐజర్‌మన్. నలభై ఏళ్ల మనిషి, మోకాలికి పెద్ద శస్త్రచికిత్స అయినవాడు, ప్రత్యర్థి రాబోయే దారిలో ముందే వెళ్లి నిలబడుతున్నాడు.

అది ఆయనకు పుట్టుకతో వచ్చిన ఆట కాదు. 1986లో 21 ఏళ్లకే కెప్టెన్ అయ్యాడు, 1988-89 సీజన్‌లో 65 గోల్స్ కొట్టాడు. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు మాత్రం రాలేదు. 1993లో వచ్చిన కోచ్ స్కాటీ బౌమన్ వెనక్కి వచ్చి రక్షణ కూడా చూసుకోమన్నాడు. ఐజర్‌మన్ గోల్స్ తగ్గాయి. 1997, 1998, 2002లో కప్పు వచ్చింది. తన గోల్స్ కంటే జట్టు గెలుపు ముఖ్యమనుకోవడంతో ఆయనలోని మేనేజర్ అప్పుడే తయారయ్యాడని నా నమ్మకం. అది ఎంత కష్టమో నాకు తెలుసు: నేను బృందానికి పెద్దనైన మొదటి ఏడాది అందరి డ్రాయింగులూ నేనే దిద్దుతూ కూర్చున్నాను. నా చేత్తో గీయకపోతే పని చేసినట్టే అనిపించేది కాదు.

2006లో రిటైరయ్యాక ఆయన నేరుగా పెద్ద కుర్చీ ఎక్కలేదు. అదే క్లబ్బులో ఉపాధ్యక్షుడిగా నాలుగేళ్లు పని నేర్చుకున్నాడు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కెనడా జట్టు ఎంపిక ఆయనదే, స్వర్ణం వచ్చింది. అదే ఏడాది టాంపా బే లైట్నింగ్‌కు జనరల్ మేనేజర్‌గా వెళ్లాడు. జట్లు వంతుల వారీగా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2011లో 58వ స్థానంలో కుచెరోవ్‌ను, 2014లో 79వ స్థానంలో బ్రేడెన్ పాయింట్‌ను పట్టాడు; ఇద్దరూ తరువాత పెద్ద ఆటగాళ్లయ్యారు. అంతకుముందు చాలా జట్లు వారిని దాటిపోయాయి!

ఈ ఉద్యోగంలోని చేదు 2014లో కనిపించింది. సోచి ఒలింపిక్స్‌కు మళ్లీ ఆయనే ఎంచిన కెనడా జట్టును ప్రకటించినప్పుడు తన సొంత టాంపా కెప్టెన్ మార్టిన్ సెయింట్ లూయిస్ పేరే అందులో లేదు. తరువాత ఎంపికైన స్టామ్‌కోస్ గాయపడడం వల్ల సెయింట్ లూయిస్‌కు చోటు దక్కింది, కెనడా మళ్లీ స్వర్ణం గెలిచింది. అయినా మార్చిలో సెయింట్ లూయిస్ తనను పంపించేయమని పట్టుబట్టి న్యూయార్క్ రేంజర్స్‌కు వెళ్లిపోయాడు. రోజూ మొహం చూడాల్సిన మనిషిని పక్కన పెట్టడం ఎంత కష్టమో, ఇద్దరిలో ఒకరికే ప్రమోషన్ రాయాల్సి వచ్చినప్పుడు నాకు తెలిసింది. మిగిలిన ఆయన ఇప్పటికీ నాతో కాఫీకి రాడు.

2018 సెప్టెంబరులో ఐజర్‌మన్ ఆ పదవి వదిలేశాడు. ఆయన పోగుచేసిన ఆటగాళ్లతోనే టాంపా 2020లోనూ 2021లోనూ కప్పు గెలిచింది; అప్పటికి ఆ కుర్చీలో ఉన్నది జూలియన్ బ్రిస్‌బ్వా. ఐజర్‌మన్ 2019లోనే డెట్రాయిట్‌కు జనరల్ మేనేజర్‌గా తిరిగి వచ్చాడు. మొదటి సీజన్‌లో 71 ఆటల్లో 17 గెలుపులు. సైడర్, రేమండ్ లాంటి కుర్రాళ్లు డ్రాఫ్ట్‌లో దొరికారు, కానీ 2016 తరువాత 2025 దాకా ఈ జట్టు ప్లేఆఫ్స్ (కప్పు కోసం సీజన్ చివర జరిగే నాకౌట్ దశ) ముఖం చూడలేదు.

కాబట్టి నా జవాబు: టాంపాలో అవును, డెట్రాయిట్‌లో ఇంకా కాదు. ఆమధ్య రెడ్ వింగ్స్ కొత్త మైదానం లిటిల్ సీజర్స్ అరీనాలో నా ముందు వరుస పెద్దాయన ఆటంతా జనరల్ మేనేజర్‌ను తిడుతూనే ఉన్నాడు. ఆయన జెర్సీ వెనుక ఉన్న నంబరు 19.