క్యాలరీ యాప్‌లో మన అన్నం, పప్పు ఎలా లెక్క రాయాలి?

ఉమ్మడి కుటుంబంలో ఒకే గిన్నెలోంచి అందరికీ వడ్డించే ఇంట్లో, యాప్ అడిగే "ఎన్ని కప్పులు, ఎన్ని సర్వింగులు" అన్నదానికి ఏం రాయాలో తెలియక విసుగొచ్చి మానేద్దామనుకుంటున్నానని రాశారు. మానేయకండి. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ గారు చెప్పాక నేను మొదలుపెట్టాను, ఇప్పటికీ రాస్తున్నాను. మాది హైదరాబాద్‌లో అత్తమామలు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు ఉండే ఇల్లు. వంట ఎక్కువగా మా అత్తయ్య గారే చేస్తారు. కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

యాప్‌లో "పప్పు" అని వెతికితే బోలెడు వస్తాయి. ఒకరు కప్పు అంటారు, ఒకరు గిన్నె అంటారు, ఇంకొకరు సర్వింగ్ అని వదిలేస్తారు. కప్పు అంటే 240 మిల్లీలీటర్లా, 200 మిల్లీలీటర్లా? రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు అయితే 180 మాత్రమే. పైగా ఒకరింట్లో పప్పు జారుగా ఉంటుంది, ఇంకొకరింట్లో ముద్దగా ఉంటుంది. అందుకే ఒకే పేరుతో ఉన్న రెండు ఎంట్రీల్లో ఒకదానికి రెండోది రెట్టింపు ఉంటుంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో 528 పదార్థాల వివరాలున్నాయి. అవి దాదాపు అన్నీ వండని సరుకులే. బియ్యం, కందిపప్పు, గోంగూర గురించి అందులో నమ్మకమైన అంకె దొరుకుతుంది. గోంగూర పప్పుకి మాత్రం ఎవరూ ఒక అంకె చెప్పలేరు, ఎందుకంటే అందులో పడే నీళ్లూ నూనే ఇంటింటికీ మారతాయి. (ఆ పట్టికలు చూస్తే ఒక్క జాగ్రత్త, శక్తి అక్కడ కిలోజౌళ్లలో ఉంటుంది. 4.184తో భాగిస్తే మనం మాట్లాడుకునే క్యాలరీలు వస్తాయి.)

నా అనుభవంలో తేలిందేమిటంటే, కంచంలో పడ్డాక కొలవడం మన ఇళ్లలో కుదరదు. పొయ్యి ఎక్కకముందే కొలవాలి. మొదట్లో నేను కంచాన్ని కాటా మీద పెడితే అత్తయ్య గారు "అన్నాన్ని తూచకూడదమ్మా" అని బాధపడ్డారు. అది ఆవిడ నమ్మకం, నేను వాదించలేదు. బియ్యాన్ని కొలవడానికి మాత్రం ఆవిడకు ఏ అభ్యంతరమూ లేదు, బియ్యం ఎప్పుడూ గ్లాసుతో కొలిచే పోస్తారు కదా. ఇప్పుడు ఆవిడే "ఇవాళ 450 గ్రాములు పోశాను" అని చెప్తారు.

అన్నం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే తేడా అంతా ఇక్కడే వస్తుంది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 356 క్యాలరీలుంటాయి. అదే వంద గ్రాముల అన్నంలో 130 దాకా ఉంటాయి, మిగతాదంతా పీల్చుకున్న నీళ్లు. మీరు 200 గ్రాముల అన్నం తిని, యాప్‌లో పొరపాటున బియ్యం ఎంట్రీ ఎంచుకుంటే 260 రాయాల్సిన చోట 712 పడుతుంది. ఇక ఆ రోజంతా టెన్షనే. పాత బియ్యం ఎక్కువ ఒదుగుతుంది, కొత్త బియ్యం తక్కువ ఒదుగుతుంది, మెత్తగా వండితే బరువు ఇంకా పెరుగుతుంది. అందుకే అన్నం ఎంట్రీని కూడా నేను నమ్మను. 300 గ్రాముల బియ్యం వండారనుకోండి, గిన్నె మొత్తంలో 1,070 క్యాలరీలున్నట్టు. ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూచి, దాని మీద మార్కర్‌తో రాసిపెట్టుకోండి. ఉడికాక గిన్నెతో సహా తూచి అది తీసేస్తే అన్నం బరువు వస్తుంది. 840 గ్రాములు వచ్చిందంటే గ్రాముకి 1.27. మీ ఇంట్లో ఒకే బియ్యం, అవే నీళ్లు అయితే ఈ లెక్క ఒక్కసారి చేసుకుంటే చాలు, బియ్యం బస్తా మారినప్పుడు మళ్లీ చూసుకోవచ్చు. గంజి వార్చే ఇళ్లలో కొంత పిండి పదార్థం గంజితో పోతుంది, అక్కడ అంకె కాస్త తక్కువే ఉంటుంది.

తర్వాత నూనె. దీని గురించే గట్టిగా చెప్పాలనుంది. గ్రాముకి 9 క్యాలరీలు, అంటే పిండి పదార్థానికీ ప్రోటీన్‌కీ ఉండే 4తో పోలిస్తే రెట్టింపు కన్నా ఎక్కువ. తాలింపులో ఎంత పోశారని అడిగితే ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పలేరు, చేతి లెక్కన పోస్తారు. నేను చేసేది ఇది: వంట మొదలయ్యే ముందు నూనె డబ్బాని కాటా మీద పెట్టి సున్నా బటన్ నొక్కుతాను. వంటయ్యాక డబ్బా తెచ్చి మళ్లీ పెడితే మైనస్‌లో అంకె చూపిస్తుంది, వాడిన నూనె అదే. కాటా మధ్యలో ఆగిపోతుందనుకుంటే ముందు బరువు ఫోన్‌లో రాసుకోండి. గుత్తి వంకాయ చేసిన రోజు మాకు మైనస్ 92 చూపించింది. 92 గ్రాముల నూనె అంటే దాదాపు 830 క్యాలరీలు. వంకాయలు ముప్పావు కిలో, వాటిలో అన్నీ కలిపినా 200 దాటవు. ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి నూనె నుంచే 138. యాప్‌లో ఉన్న వంకాయ కూర ఎంట్రీ రాసినవాళ్లు ఎంత నూనె అనుకున్నారో మనకేం తెలుస్తుంది?

1992లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, తక్కువే తింటున్నా బరువు తగ్గడం లేదన్నవాళ్లు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పారని తేలింది. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మన నూనె డబ్బాలే. ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు, కంటికి కనపడనిది లెక్కలోకి రాదు.

పప్పు కూడా ఇదే దారి. 150 గ్రాముల కందిపప్పులో సుమారు 500 క్యాలరీలు, తాలింపు నూనె 20 గ్రాములైతే 180, టమాటాలకి ఓ 40. మొత్తం 720. ఉడికిన పప్పు 900 గ్రాములు వస్తే గ్రాముకి 0.8. మీ ఇంట్లో వడ్డించే గరిటెతో ఒక గరిటె పప్పు ఒక్కసారి తూచి చూడండి. వంద గ్రాములుంటే గరిటెకి 80 అని గుర్తుపెట్టుకోండి. యాప్‌లో "మా ఇంటి పప్పు, ఒక గరిటె" అని సొంత ఎంట్రీ చేసుకుంటే, ఇక రోజూ ఎన్ని గరిటెలన్నదే రాయాలి. మారు వడ్డించినా ఇబ్బంది లేదు, ఒక గరిటె కలుపుకుంటారు, అంతే.

చారు, ఆకుకూరలు, బీరకాయ, పల్చటి మజ్జిగ లాంటివాటి గురించి తల బద్దలు కొట్టుకోకండి. వాటిలో పడిన నూనె రాస్తే చాలు. నెయ్యి, ఆవకాయ మీద తేలే నూనె, కారప్పొడిలో కలుపుకునే నూనె మాత్రం తప్పకుండా రాయండి. చెంచాకి దాదాపు 45.

హోటల్ దోసె, పెళ్లి భోజనం? నిజమైన అంకె ఎవరికీ అందదు. నేను దోసెకి యాప్‌లో ఉన్నవాటిలో పెద్ద అంకె ఉన్న ఎంట్రీ ఎంచుకుని, ప్రతిసారీ అదే రాస్తాను. వారానికోసారి నా ఒంటి బరువుల సగటు చూస్తాను. నాలుగు వారాలు చూసినా కదలకపోతే, రాత్రి అన్నంలో ఒక గరిటె తగ్గిస్తాను. ఒక్కరోజు బరువు పెరిగినా పట్టించుకోను, ఉప్పు ఎక్కువైనా ఒంట్లో నీళ్లు నిలుస్తాయి. ఈ అంకెలేవీ పిల్లల ముందు మాట్లాడను. వాళ్లు కడుపు నిండా తినాల్సిన వయసు.

మీరు ఇన్సులిన్ తీసుకుంటుంటే మాత్రం ఈ పద్ధతి మీద ఆధారపడి డోసు మార్చకండి, డైటీషియన్‌కి చూపించుకుని వాళ్లు చెప్పినట్టు చేయండి.

ఆఫీసు క్యారేజీ గురించి కూడా అడిగారు. అది అన్నిటికన్నా సులువు. ఖాళీ డబ్బాని కాటా మీద పెట్టి సున్నా నొక్కి, అన్నం పెట్టి చూసి, మళ్లీ సున్నా నొక్కి కూర పెట్టండి. పొద్దున్నే ఫోన్‌లో రాసేస్తే మధ్యాహ్నం హాయిగా తినొచ్చు. కాటా ఐదు కిలోల దాకా తూచేది, ఒక్కో గ్రాము చూపించేది తీసుకోండి. కొన్న రోజే అర లీటరు పాల ప్యాకెట్ పెట్టి చూడండి. 515 గ్రాములకి కాస్త అటూ ఇటూగా చూపిస్తే అది బాగా పనిచేస్తున్నట్టే.