వార్డు నిండా డెంగీ రోగులే.. ఇంటికి తీసుకెళ్లిపోవచ్చా?

ప్రశ్న: మా ఆయనకు 41 ఏళ్లు. అయిదు రోజుల కిందట జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు ఇంజెక్షన్లు చేశారు. తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్పించాం. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు 62 వేలు. నిన్నటి నుంచి జ్వరం లేదు, కడుపునొప్పి అంటున్నారు. వార్డులో సగం మంది డెంగీ వాళ్లే. పిల్లలకూ అంటుకుంటుందేమో! డిశ్చార్జి చేయించుకోవచ్చా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: వద్దమ్మా. ముందు ఆ కడుపునొప్పి సంగతి డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. ఇది చదవడం ఆపి అయినా సరే. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే గండం. రక్తనాళాల్లోంచి ద్రవం బయటకు కారి బీపీ పడిపోవచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు.

అందరూ ప్లేట్‌లెట్ల లెక్కే అడుగుతారు. దాంతోపాటు పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎంతుందో అడగండి. ప్లేట్‌లెట్లు పడిపోతూ పీసీవీ పెరుగుతుంటే రక్తం చిక్కబడుతోందని అర్థం. రక్తస్రావం లేకుండా 62 వేలు ఉంటే సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని ఉండదు. అయితే ఆయన్ను చూస్తున్న డాక్టర్‌దే తుది నిర్ణయం.

ఆ రెండు ఇంజెక్షన్లు ఏమిటో మీరు రాయలేదు. నా భయమంతా అక్కడే. సీజన్‌లో నా దగ్గరికొచ్చే జ్వరం కేసుల్లో చాలామంది అప్పటికే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది వేయించుకునే వస్తారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్ చాలని ఎన్నిసార్లు చెప్పినా, సూది పడకపోతే వైద్యమే జరగలేదనుకుంటారు మనవాళ్లు! ఆర్‌ఎంపీకి ఫోన్ చేసి మందు పేరు కనుక్కుని వార్డులో చెప్పండి. దాచొద్దు, ఎవరూ తిట్టరు. తిట్టినా పడండి.

సగం మంచాలు డెంగీ వాళ్లవే అయితే ఊళ్లో సగం మందికి ఉన్నట్టు కాదు. ఎక్కువగా ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లే ఆస్పత్రికి చేరతారు. పైగా మలేరియా, స్క్రబ్ టైఫస్ (నల్లిలాంటి చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం)లోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అందుకే డెంగీయేనా అన్నది తేల్చుకోవాలి. మీవారి రిపోర్టు కార్డు టెస్టుదా (అక్కడికక్కడే ఫలితం చెప్పేది), ఎలైసాదా (ల్యాబ్‌లో చేసే రక్తపరీక్ష)? కార్డు ఒక్కటే అయితే ఎలైసా గురించి అడగండి.

పక్క మంచం నుంచి అంటుకోదు. పగలు కుట్టే ఏడిస్ దోమే మోసుకొస్తుంది. ఆయనకు పగలు కూడా దోమతెర కట్టండి. పిల్లల్ని వార్డుకు తీసుకురావద్దు. ఇంట్లో కూలర్ నీళ్లు పారబోయించండి. వాళ్లకు జ్వరమొస్తే మాత్రం ఆర్‌ఎంపీ దగ్గరికి కాదు, నేరుగా పిల్లల డాక్టర్ దగ్గరికే.