పెద్ద సర్వర్ ఒకటి కలిపితే చోటు పెరిగినట్టేనా?

ప్రశ్న: మాది బరంపురంలో పెళ్లి వీడియోలు, ఫొటోలు దాచిపెట్టే చిన్న వ్యాపారం. సెఫ్ (చాలా సర్వర్ల డిస్కుల్ని ఒకే నిల్వగా కలిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్‌లో మూడు సర్వర్లు, ఒక్కోదాంట్లో 4 టీబీ డిస్కులు నాలుగు, ప్రతి ఫైలుకీ మూడు కాపీలు. నిండిపోతోందని 8 టీబీ డిస్కులు నాలుగున్న కొత్త సర్వర్ తెప్పించాం. మొత్తం 80 టీబీ, మూడుతో భాగిస్తే 26.6 వస్తుందని మా ఓనరుగారికి చెప్పేశాను. కలిపేముందే ఏ డేటా ఎటు పోతుందో చూపించే టూల్ ఉందా? అసలే ముహూర్తాల సీజను, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: టూల్ ఉంది, చెబుతాను. ముందు ఓనరుగారికి చెప్పిన ఆ 26.6 సంగతి చూడండి, అది రాదు. ఒకే ఫైలు రెండు కాపీలు ఒకే సర్వర్‌లో పెట్టకూడదన్నది మీ రూల్ కదా (అలా లేకపోతే ఇవాళే మార్చండి). అంటే పెద్ద సర్వర్‌లో ఏ ఫైలుదైనా ఒక్క కాపీయే ఉంటుంది, మిగతా రెండూ పాత మూడింట్లోనే సర్దుకోవాలి, వాటి మొత్తం 48 టీబీ, సగం చేస్తే 24. ఎంత సర్దినా అంతకు మించదు. సర్దకుండా క్రష్‌కే (ఏ కాపీ ఎక్కడ ఉండాలో తేల్చే సెఫ్ పద్ధతికే) వదిలేస్తే పాత సర్వర్లు 23 లోపే నిండిపోతాయి, పెద్దదాంట్లో ఖాళీ అలాగే పడి ఉంటుంది. ఇంతకంటే బాధాకరమైన విషయం ఇంకోటుంది. ఒక సర్వర్ కాలిపోయి, మిగతావాటి మీదే మళ్లీ మూడు కాపీలు నిలబెట్టుకోవాలంటే, పోయింది ఏదైనా సరే, మీ హద్దు 16 టీబీయే, అంటే ఇవాళ మీకున్న మొత్తం చోటు ఎంతో అంతే! పైగా ఏ డిస్కైనా 85 శాతం దాటగానే హెచ్చరిక మొదలవుతుంది, 95 దగ్గర రాయడమే ఆగిపోతుంది.

కాబట్టి కొత్త డిస్కుల్ని ఒకే పెట్టెలో ఉంచకండి. ప్రతి పాత సర్వర్ నుంచి ఒక 4 టీబీ డిస్కు తీసి కొత్తదాంట్లో పెట్టండి, దాని స్థానంలో 8 టీబీది ఒకటి బిగించండి. నాలుగూ తలా 20 టీబీ అవుతాయి, మీరనుకున్న 26.6 అప్పుడు నిజమవుతుంది, ఒక సర్వర్ పోయినా 20 వరకు నిలుస్తుంది. 8 టీబీ డిస్కు మీద రెట్టింపు పని పడుతుందనుకోండి, అది తప్పదు.

ఇక టూల్. ఫైలు ఎక్కడుందో పట్టికలో వెతకకుండా లెక్కకట్టి తేల్చే పద్ధతి క్రష్, 2006లో సేజ్ వైల్ బృందం ప్రకటించింది. లెక్కే కాబట్టి డిస్కుల్ని ముట్టుకోకుండా కాగితం మీద వేసినట్టు వేసి చూడొచ్చు. క్లస్టర్ నుంచి క్రష్ మ్యాప్ (ఏ డిస్కు ఏ సర్వర్‌లో ఉందో చెప్పే పటం) దింపుకుని, క్రష్‌టూల్ అనే టూల్‌తో డీకంపైల్ చేస్తే మామూలు టెక్స్ట్ ఫైలవుతుంది. అందులో కొత్త అమరిక రాసి (డిస్కు వాటాని చెప్పే అంకె వెయిట్, 8 టీబీకి 7.28, 4 టీబీకి 3.64), మళ్లీ కంపైల్ చేసి, టెస్ట్ ఆప్షన్‌తో కాపీలు 3 అని చెప్పి నడపండి. షో యుటిలైజేషన్ అని అడిగితే ఒక్కో డిస్కుకి ఎంత రావాలో, ఎంత వస్తోందో పక్కపక్కనే చూపిస్తుంది. షో బ్యాడ్ మ్యాపింగ్స్ కూడా అడగండి, మూడు కాపీలకి చోటు దొరకనివి బయటపడతాయి. రెండు అమరికలూ నడిపి ఆ ప్రింటవుట్ ఓనరుగారి ముందు పెట్టండి, మీరు మాట మార్చారని ఆయన అనరు.

డిస్కులు మార్చేది మాత్రం ఒక్కొక్కటిగానే. తీయబోయేదాని వెయిట్ సున్నాకి దించి, డేటా ఖాళీ అయ్యేదాకా ఆగండి. చివర్లో మిగిలే చిన్న ఎగుడుదిగుళ్లకి ఓఎస్‌డీమ్యాప్‌టూల్ అనే ఇంకో టూల్‌లో అప్‌మ్యాప్ ఉంది, 2017 నాటి సెఫ్ లూమినస్ వెర్షన్‌తో వచ్చింది, దానికంటే పాత క్లయింట్లకి పనికిరాదు.

ఒక్కటి అడుగుతాను, నాలుగు సర్వర్లూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయా? అది చెడితే అన్నీ ఒకేసారి ఆగుతాయి, ఆ సంగతి క్రష్ మ్యాప్‌కి మీరు రాస్తేనే తెలుస్తుంది.

ప్రశ్న: 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పటి భయం ఇంకా పోలేదు. ఇక్కడి క్లస్టర్‌లోని ఒక సర్వర్‌ని పర్లాకిమిడిలో పెడితే?
- ఇంకో పాఠకురాలు, గోపాల్‌పూర్

జవాబు: వద్దమ్మా. సెఫ్‌లో అన్ని కాపీలూ రాయడం అయ్యాకే రాత పూర్తయినట్టు, లైను నెమ్మదిస్తే ప్రతి రాతా దానికోసం ఆగుతుంది. పైగా 2018లో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లానీ వదల్లేదు. అక్కడ విడిగా చిన్న క్లస్టర్ పెట్టి, రాత్రిపూట బ్యాకప్ పంపండి.