కాలిన్ కౌంటీనా, డెంటన్ కౌంటీనా?

ఆఫీసు డాలస్ పక్కన ప్లేనోలో, పాప వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్, ఫ్రిస్కోలో కాలిన్ వైపు పాత ఇల్లు కొనాలా డెంటన్ వైపు కొత్తది కొనాలా అనేగా మీ టెన్షన్. ముందు కౌంటీ పేరు పక్కన పెట్టేయండి. ఫ్రిస్కో ఊరే రెండు కౌంటీల్లో ఉంది, పాప ఏ గవర్నమెంటు స్కూల్‌కి వెళ్తుందో తేల్చేది స్కూల్ డిస్ట్రిక్ట్, దాని హద్దులేమో ఊరి హద్దుల్ని కూడా పట్టించుకోవు, అడ్రస్‌లో ఫ్రిస్కో అని ఉన్నా పిల్లలు ప్రాస్పర్ డిస్ట్రిక్ట్‌కో లిటిల్ ఎల్మ్‌కో వెళ్లే వీధులున్నాయి. ఏజెంట్ మాట మీద ఉండిపోకుండా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు కొట్టి మీరే చూసుకోండి.

ఇక డబ్బు. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని మురిసిపోతాం గానీ ప్రాపర్టీ ట్యాక్స్ గట్టిగానే పడుతుంది, అందులో పెద్ద వాటా స్కూళ్లదే. కొత్త కాలనీల్లో చాలాచోట్ల దాని మీద మడ్ ట్యాక్సో పిడ్ చార్జో (కాలనీకి నీళ్లు, డ్రైనేజీ, రోడ్ల లాంటివి వేసిన ఖర్చుకి ఇంటివాళ్ల దగ్గర వసూలు చేసేవి) కూడా ఉంటుంది, బిల్డర్ చూపించే నెల పేమెంట్‌లో అది కలిపాడో లేదో అడగండి. దిగాక సొంతంగా ఉండే ఇంటికి ట్యాక్స్ తగ్గించే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి అప్లై చేయడం మర్చిపోవద్దు.

కాలిన్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీలో కాలిన్ కౌంటీవాళ్లకి ఫీజు తక్కువ, నిజమే, కానీ మీ పాపకి అది చాలా దూరపు సంగతి లెండి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి రెండిళ్ల నుంచీ ఆఫీసుకి బండి నడిపి చూడండి. స్కూళ్లు రెండూ నచ్చితే నేనైతే పాత ఇల్లే తీసుకుంటాను, రూఫ్, ఏసీ ఎన్నేళ్లవో ఇన్‌స్పెక్షన్‌లో రాయించుకుని.