మద్యం, డ్రగ్స్ పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి సూర్యాపేటలో బీఎస్సీ బీజెడ్‌సీ చివరి సంవత్సరం చదువుతోంది. తాగి బండి నడిపినవాళ్ల రక్తం, డ్రగ్స్ కేసుల శాంపిళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తానంటోంది. ఆరు నెలల ఆన్‌లైన్ ఫోరెన్సిక్ సర్టిఫికెట్ కోర్సులో చేర్పించమంటారా? అసలు అక్కడ పని ఎలా ఉంటుంది?

జవాబు: ఆన్‌లైన్ కోర్సు మీద డబ్బు పెట్టకండి. ఈ ల్యాబుల్లో జరిగేదంతా అనలిటికల్ కెమిస్ట్రీ, అంటే శాంపిల్‌లో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే పని. అది చేత్తో నేర్చుకోవాల్సిన విద్య, వీడియోలు చూస్తే రాదు. పని ఎలా ఉంటుందో ముందు తెలిస్తే ఏం చదవాలో మీకే స్పష్టమవుతుంది.

మద్యం కేసునే తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. రక్తం తీసేటప్పుడు చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవకూడదు, శాంపిల్‌లో ఆల్కహాల్ కలిసిందన్న అనుమానానికి అదే తావిస్తుంది. ట్యూబులో సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉండాలి. ఆక్సలేట్ రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. ఫ్లోరైడ్ చాలినంత లేకపోతే ఈస్ట్ లాంటి సూక్ష్మజీవులు రక్తంలోని గ్లూకోజును పులియబెట్టి, తాగనివాడి శాంపిల్‌లోనూ ఆల్కహాల్ పుట్టించగలవు. ట్యూబు సగమే నింపితే ఉన్న ఆల్కహాల్ ఖాళీ జాగాలోకి ఆవిరై, మూత తీసినప్పుడు పోతుంది.

ల్యాబులో ఆ రక్తానికి కొలతలో పోలిక కోసం తెలిసిన మోతాదులో ఎన్-ప్రొపనాల్ అనే ఇంకో ఆల్కహాల్ కలిపి, చిన్న సీసాలో బిగించి వేడిచేస్తారు. పైకి చేరిన ఆవిరిని గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలోకి పంపుతారు. అందులోని కాలమ్ అనే సన్నని గొట్టం ఆవిరిలోని పదార్థాలను విడదీస్తుంది. ఒకే శాంపిల్‌ను రెండుసార్లు, వీలైతే రెండు రకాల కాలమ్‌ల మీద నడిపి ఫలితాలు కలిశాయో లేదో చూస్తారు. ఆస్పత్రి ల్యాబుల్లో చాలావరకు ఎంజైమ్ పద్ధతిలో సీరంను, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుచేసిన ద్రవాన్ని, పరీక్షిస్తారు. సీరంలో నీటి పాలు ఎక్కువ కాబట్టి ఆల్కహాల్ అంకె మొత్తం రక్తంలో కన్నా సుమారు 10 నుంచి 20 శాతం ఎక్కువ వస్తుంది. అంటే సీరంలో 33 చూపిన మనిషికి రక్తం లెక్కలో 29 దగ్గరే ఉండవచ్చు. 30 హద్దుకు అవతల ఒక అంకె, ఇవతల ఇంకొకటి. ఈ తేడా తెలియని టెక్నీషియన్ రాసిన కాగితం వల్ల ఒకరు జైలుకు వెళ్లే ప్రమాదం ఉంది. ఈ ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ముందు చూసేది ఆ జాగ్రత్తనే.

డ్రగ్స్‌కు సాధారణంగా మూత్రం పరీక్షిస్తారు. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల పరీక్షల నియమాల్లో శాంపిల్ ఇచ్చిన 4 నిమిషాల్లోపు దాని వేడి 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉందో లేదో చూస్తారు. మూత్రంలో మామూలుగా ఉండే వ్యర్థ పదార్థం క్రియాటినిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే నీళ్లు కలిశాయేమోనన్న అనుమానంతో తదుపరి పరీక్షలు చేస్తారు. గంజాయికి మొదటి పరీక్ష ఇమ్యునోఅస్సే (యాంటీబాడీతో పట్టుకునే పరీక్ష), ఆ నియమాల్లో హద్దు మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు. పాజిటివ్ వస్తే అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారిస్తారు, అక్కడ హద్దు 15. రెండోది ఎందుకు తక్కువంటే, మొదటి పరీక్షలో యాంటీబాడీ గంజాయి తాలూకు పదార్థాలు చాలావాటిని కలిపి పట్టుకుంటుంది. రెండోది ఒక్కదాన్నే కొలుస్తుంది. మొదటి పరీక్షతోనే తీర్పు చెప్పడం తప్పు. జలుబు మందుల్లోని సూడోఎఫెడ్రిన్ కూడా కొన్ని కిట్లలో యాంఫెటమిన్‌గా కనబడుతుంది.

తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో మత్తు కలిగించే ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వెతకాల్సి వస్తుంది. ఆల్ప్రాజోలం డాక్టరు రాసిచ్చే మందు కూడా. మనిషి శరీరంలో అది ఉందని ల్యాబు చెప్పగలదు, ఎలా వచ్చిందో చెప్పలేదు. అదే కుటుంబానికి చెందిన లోరాజెపాంను కొన్ని కిట్లు గుర్తించకుండా వదిలేస్తాయి. కాబట్టి 'నెగటివ్' అని రాసేముందు కిట్ ఏం చూడలేదో కూడా తెలిసుండాలి.

ఇక చదువు. కెమిస్ట్రీ ఉంది కాబట్టి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయించండి. కుదిరితే అనలిటికల్ స్పెషలైజేషన్ తీసుకోమనండి. ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉస్మానియాలోనూ, గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలోనూ ఉంది, మంచిదే. అయినా నా మొగ్గు కెమిస్ట్రీ వైపే. కారణం ఉద్యోగాల లెక్క. రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబు, రామంతాపూర్‌లోని కేంద్ర ల్యాబు, ఎక్సైజ్ శాఖ ల్యాబులు, ఢిల్లీలోని నేషనల్ డోప్ టెస్టింగ్ ల్యాబొరేటరీ, వీటిలో నోటిఫికేషన్లు ఏటా రావు. ఏడేళ్లు, అంతకన్నా ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలని, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతోంది; ఈ నియమం ఎప్పటి నుంచో రాష్ట్రాలు ఐదేళ్లలోపు నోటిఫై చేయాలి. కాబట్టి అవసరం పెరుగుతుంది, అయినా పోస్టు చేతికొచ్చేదాకా ఖాళీగా కూర్చోకూడదు. హైదరాబాద్ ఫార్మా కంపెనీల బయోఅనలిటికల్ ల్యాబుల్లో రక్తంలోని మందును ఎల్‌సీ-ఎంఎస్‌తో (ద్రవ క్రొమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమెట్రీ జతచేసిన యంత్రం) కొలుస్తారు. యంత్రాలు అవే, ఆ అనుభవం రేపు ఫోరెన్సిక్ ఉద్యోగంలోనూ పనికొస్తుంది. ప్రతి నోటిఫికేషన్‌లో డిగ్రీ సబ్జెక్టు ఏం అడిగారో మాత్రం అక్షరం అక్షరం చదవండి.

ఒక విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ప్రభుత్వ నిపుణుల నివేదికను కోర్టు నేరుగా సాక్ష్యంగా తీసుకోవచ్చు, కానీ నిపుణులను పిలిపించే అధికారమూ దానికుంది. శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, సీలు చెక్కుచెదరకుండా ఉందా, రిజిస్టర్‌లో ఏం రాశారు అని లాయరు గుచ్చి గుచ్చి అడుగుతాడు. అక్కడ తడబడితే యంత్రం ఎంత బాగా పనిచేసినా కేసు నిలబడదు. రక్తంతో పని కాబట్టి హెపటైటిస్-బి టీకా కూడా ముందే వేయించండి.

ఈ ఏడాదే మొదలుపెట్టాల్సింది పలుచన లెక్కలు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ద్రావణం నుంచి 50 నానోగ్రాముల ద్రావణం చేయాలంటే 20,000 రెట్లు పలుచన కావాలి. ఒకే అడుగులో చేస్తే పిపెట్ తప్పు పెద్దదవుతుంది. 10 మైక్రోలీటర్లు తీసి మొత్తం 1 మిల్లీలీటరు చేస్తే 100 రెట్లు. అందులోంచి 50 మైక్రోలీటర్లు తీసి మొత్తం 10 మిల్లీలీటర్లు చేస్తే ఇంకో 200 రెట్లు. ఇది కాగితం మీద తప్పుల్లేకుండా వచ్చేదాకా చేయమనండి. పీజీ కాలేజీ ఎంచుకునేటప్పుడు గ్యాస్ క్రొమటోగ్రఫీ, హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రొమటోగ్రఫీ) యంత్రాలు ఉన్నాయా అని అడిగి ఊరుకోవద్దు. విద్యార్థుల చేతికి వాటిని వారానికి ఎన్ని గంటలు ఇస్తారో సీనియర్లను అడగమనండి.