హెచ్‌డీ 800 ఎస్సా, ఎల్‌సీడీ-ఎక్సా? మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఫ్రెండ్ దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్, ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్ హెడ్‌ఫోన్లు రెండూ ఉన్నాయి. మొన్న ఆదివారం వాళ్లింట్లో ఒకే ఆంప్‌కి (హెడ్‌ఫోన్‌ని నడిపే యాంప్లిఫయర్‌కి) మార్చి మార్చి పెట్టుకుని విన్నాను. ఎల్‌సీడీ-ఎక్స్ పెట్టగానే పాటకు ప్రాణం వచ్చినట్టు అనిపించింది. సెన్‌హైజర్ పల్చగా, నీరసంగా ఉంది. కానీ ఎవర్నడిగినా సెన్‌హైజరే గొప్పదంటున్నారు. నా చెవుల్లోనే ఏదైనా లోపం ఉందా? నేను వినేది ఎక్కువగా కర్ణాటక కచేరీలు, ఇళయరాజా పాటలు, అప్పుడప్పుడూ ఘంటసాల. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: మీ చెవులు భేషుగ్గా ఉన్నాయి, డాక్టర్ దగ్గరికేం పరుగెత్తక్కర్లేదు. నాకు తెలియాల్సింది ఒక్కటే. హెడ్‌ఫోన్ మార్చిన ప్రతిసారీ వాల్యూమ్ సరిచేశారా? సరిచేస్తే ఎలా సరిచేశారు, కొలిచా లేక అందాజాగానా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు కాబట్టి అందాజాగానే అనుకుంటాను. అందరూ చేసేది అదే.

ఇక్కడే అసలు తిరకాసు ఉంది. హెచ్‌డీ 800 ఎస్‌కి ఒక వోల్ట్ ఇస్తే 102 డెసిబెళ్ల శబ్దం వస్తుందని కంపెనీ లెక్క. ఎల్‌సీడీ-ఎక్స్‌కి మాత్రం ఒక మిల్లీవాట్‌కి 103 అని రాస్తారు. చూడ్డానికి రెండూ ఒకటేలా కనిపిస్తాయి గానీ కొలమానమే వేరు. ఎల్‌సీడీ-ఎక్స్ ఇంపిడెన్స్, అంటే కరెంట్‌కి అడ్డుపడే గుణం, 20 ఓమ్‌లే కాబట్టి అదే ఒక వోల్ట్ దానికిస్తే లెక్క ప్రకారం దాదాపు 120 డెసిబెళ్లకు చేరుతుంది. సెన్‌హైజర్‌ది 300 ఓమ్‌లు. అంటే నాబ్ ముట్టుకోకుండా ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకుంటే 18 డెసిబెళ్ల తేడా. పది డెసిబెళ్లు పెరిగితేనే మన చెవికి దాదాపు రెట్టింపు శబ్దంలా వినిపిస్తుంది, ఇక 18 అంటే మీరే ఊహించుకోండి. అంత తేడా ఉంటే మీరూ ఊరుకోరు, చెవులు గింగిర్లెత్తి వెంటనే తగ్గించే ఉంటారు. కాకపోతే చేత్తో తగ్గించినప్పుడు ఇంకా రెండు మూడు డెసిబెళ్లు అటో ఇటో మిగిలిపోతాయి, ఆ మిగిలినదే మోసం చేస్తుంది. అంత చిన్న తేడా "ఎక్కువ శబ్దం"లా అనిపించదు, "బాగుంది, ప్రాణం ఉంది, నిండుగా ఉంది" అనిపిస్తుంది. పైగా శబ్దం పెరిగేకొద్దీ మన చెవి కింది స్వరాలను ఇంకా బాగా పట్టుకుంటుంది. ఈ సంగతి ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. షోరూముల్లో అమ్మాలనుకున్న సరుకుని ఒక పిసరు గట్టిగా వినిపించడం వెనక ఉన్న కిటుకు ఇదే, స్పీకర్లయినా సరే, హెడ్‌ఫోన్లయినా సరే.

కాబట్టి మళ్లీ ఫ్రెండ్ ఇంటికి వెళ్లండి, ఈసారి ఒక దళసరి అట్టముక్క పట్టుకెళ్లండి. దానికి మధ్యలో ఫోన్ మైకు పట్టేంత చిన్న కన్నం పెట్టి, హెడ్‌ఫోన్ చెవి కప్పుని అట్ట మీద బోర్లించి, కన్నం అవతల ఫోన్ మైకు ఆనించి, శబ్దం కొలిచే ఉచిత యాప్ ఏదైనా తెరవండి. పింక్ నాయిస్ అనే హోరు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, అది ప్లే చేయండి. ఒకే స్వరం మోగించే టోన్ వద్దు, ఎందుకంటే రెండు హెడ్‌ఫోన్లూ ఒక్కో స్వరం దగ్గర ఒక్కోలా ఉంటాయి, ఆ ఒక్క స్వరం దగ్గర సమానం చేస్తే మిగతాచోట్ల తప్పుతుంది. రెండింటికీ యాప్‌లో ఒకే అంకె వచ్చేదాకా నాబ్ తిప్పి, ఆ రెండు చోట్లా రెండు రంగుల స్టిక్కర్ బొట్లు అంటించండి. ఫోన్ యాప్ చెప్పే అంకె నిజమో కాదో మనకు అనవసరం, రెండింటికీ ఒకటే చెబితే చాలు. చూసేవాళ్లకు నవ్వులాటలా ఉంటుంది, ఉండనివ్వండి, లక్ష దాటే సరుకు కొంటున్నారు.

అలా సమానం చేశాక ఏం వినిపిస్తుందో నేను విన్నంతలో చెబుతాను.

హెచ్‌డీ 800 ఎస్ 2016లో వచ్చింది, 2009 నాటి హెచ్‌డీ 800కి మెరుగుపెట్టిన రూపం. పాతదానిలో 6 కిలోహెర్ట్జ్ (సెకనుకి ఆరువేల కంపనాలు) దగ్గర ఒక ములుకు ఉండేది, స, ష, చ అక్షరాలు చెవిలో గుచ్చుకునేవి. ఎస్‌లో ఆ ములుకుని అణచడానికి లోపల శబ్దాన్ని పీల్చే ఏర్పాటు పెట్టారు. చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, ఆడ గొంతుల మీద, వయొలిన్ పైస్థాయి మీద ఆ మెరుపు ఇప్పటికీ కనిపెట్టొచ్చు. దీని ప్రత్యేకత విశాలం. 56 మిల్లీమీటర్ల పెద్ద డ్రైవర్‌ని (శబ్దం పుట్టించే భాగాన్ని) చెవికి ఆనించకుండా కాస్త ముందుకు, దూరంగా, ఏటవాలుగా పెట్టారు, కప్పులు కూడా చెవి మొత్తం లోపల ఈదులాడేంత పెద్దవి. అందుకే సభలో రికార్డు చేసిన కచేరీ వింటే వయొలిన్ ఒక పక్క, మృదంగం ఒక పక్క, మధ్యలో గాయకుడు, వెనక తంబురా విడివిడిగా నిలబడతారు. శ్రోతల్లో ఎవరో "శభాష్" అన్నా ఏ వైపు నుంచి అన్నారో తెలిసిపోతుంది. అయితే కింది బేస్ దగ్గర చేతులెత్తేస్తుంది. 50 హెర్ట్జ్ దిగితే క్రమంగా జారిపోతుంది. మీకు పల్చగా అనిపించింది అదే, అందులో కొంత నిజమే.

ఎల్‌సీడీ-ఎక్స్ తయారైన తీరే వేరు. ఇందులో శంకులాంటి డయాఫ్రం ఉండదు. అయస్కాంతాల ముందు పల్చటి పొర ఒకటి బిగించి ఉంటుంది, దాని మీదే విద్యుత్తు వెళ్లే దారులు అచ్చువేసి ఉంటాయి, అందుకని పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. పొర సైజు 106 మిల్లీమీటర్లు. ప్యాడ్ చెవి చుట్టూ సరిగ్గా అతుక్కుంటే బేస్ 20 హెర్ట్జ్ దాకా తగ్గకుండా దిగుతుంది. అతుక్కుంటేనే సుమా! మీరు కళ్లజోడు పెట్టుకుంటారా? జోడు కాడ దగ్గర సందు పడితే ఆ బేస్‌లో కొంత అక్కడే జారిపోతుంది, జోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి వినండి. దీని బలహీనత గొంతు దగ్గర ఉంది. 3, 4 కిలోహెర్ట్జ్ మధ్య ఒక పల్లం ఉండటం వల్ల గాయకుడు ఒక అడుగు వెనక్కి జరిగినట్టుంటాడు. 2021లో సవరించిన రకంలో ఇది కొంత మెరుగుపడింది.

మృదంగంతో పరీక్షిస్తే ఈ రెండింటి తేడా పావుగంటలో తేలిపోతుంది. మంచి రికార్డింగ్‌లో తని ఆవర్తనం (కచేరీలో తాళవాద్యం ఒంటరిగా మోగే భాగం) పెట్టుకోండి. మృదంగం కుడి మూతి మీద నల్ల కరణి ఉండబట్టే దాని పైస్వరాలు శ్రుతిలో పలుకుతాయి, సి.వి. రామన్ దీని గురించి 1920లోనే రాశారు. ఆ కుడివైపు మోగే "నం" నాదం, వేలు తీశాక మిగిలే ఝంకారం, ఇవి సెన్‌హైజర్‌లో కళ్లకు కట్టినట్టుంటాయి. ఎడమవైపు తొప్పి మీద రవ్వ ముద్ద పెట్టి వాయించే గుంకీ అనే లోతైన నాదం ఉంది చూశారూ, అది ఎల్‌సీడీ-ఎక్స్‌లో పొట్టలో తగులుతుంది, సెన్‌హైజర్‌లో చెవికి మాత్రమే తెలుస్తుంది. వయొలిన్ విల్లు తీగ మీద రాసుకునే గరగర సెన్‌హైజర్‌ది, ఇళయరాజా పాటల్లో పాట కింద ఇంకో పాటలా నడిచే బేస్ గిటార్ ఎల్‌సీడీ-ఎక్స్‌ది. ఆ గిటార్ కోసమే పాట వినేవాళ్లు నాకు తెలుసు, నేనూ ఆ బాపతే.

బరువు మాట కూడా చెప్పాలి. సెన్‌హైజర్ 330 గ్రాములు, ఎల్‌సీడీ-ఎక్స్ 612. రెండున్నర గంటల కచేరీ అది పెట్టుకుని వినాలంటే మెడ ఒప్పుకోవాలి. షాపులో పది నిమిషాలు పెట్టుకుంటే ఈ సంగతి తెలియదు.

నన్నడిగితే, మీకు కచేరీలే ప్రధానం అయితే హెచ్‌డీ 800 ఎస్ తీసుకుని, కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ లాంటి, ఏ స్వరాన్ని ఎంత పెంచాలో తగ్గించాలో సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కింది బేస్ నాలుగు డెసిబెళ్లు లేపుకోండి. ఇళయరాజాయే ప్రధానం, మెడ గట్టిది అయితే ఎల్‌సీడీ-ఎక్స్. ఈక్వలైజర్ వాడటం పాపం అనుకునేవాళ్లున్నారు, వాళ్లని వదిలేయండి. ఘంటసాల సంగతి కింది జవాబులో చూడండి, ఎందుకంటే అదే ప్రశ్న ఇంకొకరూ అడిగారు.

ప్రశ్న: నా కలెక్షన్‌లో ముప్పావు వంతు 1950, 60ల సినిమా పాటలు, రేడియో నుంచి ఎవరెవరో క్యాసెట్లకెక్కించిన కచేరీలు. ఇంత ఖరీదైన హెడ్‌ఫోన్ కొంటే ఇన్నాళ్లూ వినపడనివి వినపడతాయా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: వినపడతాయమ్మా, కానీ మీరు కోరుకున్నవి కాదు. గ్రామఫోన్ గరగర, టేపు హిస్, క్యాసెట్ వేగం అటూ ఇటూ అయినప్పుడు శ్రుతి ఊగడం, ఇవన్నీ స్పష్టంగా వినపడతాయి. ఆ పాటలు మోనో. మోనో అంటే రెండు చెవులకూ ఒకటే శబ్దం, కాబట్టి ఏ హెడ్‌ఫోన్ పెట్టినా గాయకుడు తల మధ్యలోనే కూర్చుంటాడు. హెచ్‌డీ 800 ఎస్ విశాలం కోసం అంత డబ్బు పోసి మోనో వినడం డబ్బు దండగ, లేని విశాలాన్ని అది మాత్రం ఎక్కడ నుంచి తెస్తుంది? మీడియం వేవ్ రేడియోలో 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ ఉండదు, హెచ్‌డీ 800 ఎస్ మెరుపంతా అక్కడ ఖాళీ గదిలో దీపమే.

మీ కలెక్షన్‌కి సెన్‌హైజర్‌దే హెచ్‌డీ 600 చాలు. 1997 నుంచి అమ్ముతున్నారు, ఖరీదు పై రెండింటితో పోలిస్తే చాలా తక్కువ. మనిషి గొంతు దగ్గర ఇది ఎల్‌సీడీ-ఎక్స్ కంటే సహజంగా ఉంటుందని నా గట్టి నమ్మకం. ఘంటసాల గొంతులో ఆ బరువు, పద్యం చివర రాగం తీసేటప్పుడు ఊపిరి నిలబెట్టడం ఇందులో నిండుగా వినిపిస్తాయి. మిగిలిన డబ్బుతో ఆ క్యాసెట్లని మంచి డెక్ మీద, హెడ్ శుభ్రం చేయించి, కంప్యూటర్‌లోకి ఎక్కించండి. టేపు ఏళ్ల తరబడి అలాగే ఉండదు, హెడ్‌ఫోన్ వచ్చే ఏడాదైనా దొరుకుతుంది.

ప్రశ్న: నా దగ్గర ఆంప్ లేదు. ఫోన్‌కి పెట్టుకుని హెడ్‌ఫోన్ తగిలించే చిన్న డాంగిల్‌తో ఈ రెండూ పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మామూలు డాంగిల్ ఒక వోల్ట్ దాకా ఇస్తుంది అనుకుందాం. పై లెక్క ప్రకారం ఎల్‌సీడీ-ఎక్స్‌కి అది ఎక్కువే, ఇంపిడెన్స్ అంకె చూసి, సైజు చూసి భయపడేవాళ్లు దీన్ని నడపడం కష్టం అనుకుంటారు గానీ తేలిక. హెచ్‌డీ 800 ఎస్ కూడా కొత్త సినిమా పాటలకు సరిపోతుంది, ఎందుకంటే వాటిని రికార్డింగ్‌లోనే గట్టిగా బిగించి పెడతారు. కచేరీ రికార్డింగుల్లో ఆలాపన చాలా తక్కువ స్థాయిలో ఉంటుంది, అక్కడ నాబ్ చివరిదాకా తిప్పినా ఇంకాస్త ఉంటే బాగుండు అనిపించొచ్చు. ముందు డాంగిల్‌తో వినండి. చాలకపోతే అప్పుడు ఆంప్ సంగతి చూద్దాం.

ప్రశ్న: ట్యూబ్ ఆంప్‌తో (పాతకాలపు వాల్వులతో నడిచే ఆంప్‌తో) వింటే హెచ్‌డీ 800 ఎస్‌కి బేస్ వస్తుందంటున్నారు. నిజమేనా, లేక అమ్ముకునేవాళ్ల మాటా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కొంత నిజం. 300 ఓమ్‌లు అన్నది మధ్య స్వరాల దగ్గర అంకె, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల దీని ఇంపిడెన్స్ 600 దాటుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ ఆంపుల సొంత ఇంపిడెన్స్ ఎక్కువ, అందువల్ల ఇంపిడెన్స్ పెరిగిన చోట హెడ్‌ఫోన్‌కి కాస్త ఎక్కువ వోల్టేజి అందుతుంది. లెక్కేస్తే అర డెసిబెల్ నుంచి ఒక డెసిబెల్ దాకా ఉంటుంది. వెచ్చగా అనిపించడానికి అది చాలు, పొట్టలో తగిలే గుంకీ రావడానికి చాలదు. అదే ఆంప్‌కి ఎల్‌సీడీ-ఎక్స్ తగిలిస్తే మాత్రం గొడవే. పొర రకం హెడ్‌ఫోన్ల ఇంపిడెన్స్ అంతటా సమానం కాబట్టి స్వరం మారదు, కానీ 20 ఓమ్‌లకు కావాల్సిన కరెంట్ ఆ ఆంప్ ఇవ్వలేదు, శబ్దం పెంచగానే చిట్లుతుంది.

ప్రశ్న: కొత్త హెడ్‌ఫోన్‌ని వంద గంటలు మోగించాక గానీ అసలు సౌండ్ బయటపడదంటారు. మా ఇంట్లో రాత్రంతా మోగుతూనే ఉంది, మా ఆవిడ విసుక్కుంటోంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆవిడ పక్షాన ఉన్నాను. హెచ్‌డీ 800 ఎస్, ఎల్‌సీడీ-ఎక్స్ రెండూ ఓపెన్ రకం, లోపలిదంతా బయటికే వినిపిస్తుంది, పక్కన పడుకున్నవాళ్లకి అది నరకం. మారేది ఎక్కువగా ప్యాడే, నలిగి మెత్తబడి చెవికి దగ్గరవుతుంది, దానికి మీరు పెట్టుకుని వింటే చాలు. ఇంకో సంగతి, ఓపెన్ రకం కాబట్టి బయటి శబ్దం కూడా లోపలికి వస్తుంది. తలపైన సీలింగ్ ఫ్యాన్ ఐదో నంబర్‌లో తిరుగుతుంటే తంబురా చివరి జీర వినపడదు. రెండిట్లో ఏది మేలని తేల్చుకోవాలనుకునే ఆ గంటా ఫ్యాన్ ఆపి, ఏసీ ఉంటే అదీ ఆపి వినండి. ఎండాకాలం అయితే తెల్లవారుజామున పెట్టుకోండి, చెమటకి ప్యాడ్లు పాడవకుండా కూడా ఉంటాయి.